హైదరాబాద్‌లో లాబ్రడార్: గిన్నెనూ ఎండనూ చూసుకుంటూ పెంచడం ఎలా

మా ఇంట్లో ఇప్పుడు తిరుగుతున్నది రెండో లాబ్రడార్. మొదటిది తొమ్మిదేళ్లకే పోయింది. ఈ జాతికి అది చిన్న వయసే. సరిగ్గా చూసుకుంటే పన్నెండేళ్ల దాకా బతుకుతాయి. ప్రేమకు మా దగ్గర ఏ లోటూ లేదు. ఇంట్లో ఐదుగురం, ఐదుగురమూ పెట్టేవాళ్లమే. అది 44 కిలోలకు పెరిగింది. కీళ్లు అరిగాయి, చివరి రెండు వేసవులూ రొప్పుతూనే గడిపింది. రెండోదాన్ని తెచ్చుకునే ముందు చదివాం, డాక్టర్లను అడిగాం, మా అలవాట్లు చాలా మార్చుకున్నాం. ఈ ఊళ్లో లాబ్‌ను పెంచడంలో అసలు కష్టమంతా రెండు చోట్ల ఉందని నాకు అర్థమైంది: దాని గిన్నె దగ్గర, మన ఎండ దగ్గర. మిగతావి అది సులువుగానే నేర్చుకుంటుంది. అందుకే ఆ రెండింటి గురించి ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఇంట్లో మాట్లాడుకోండి

పిల్లగా ఉన్నప్పుడు రెండు చేతుల్లో పట్టే ఈ కుక్క ఏడాదికల్లా 25 నుంచి 36 కిలోల దాకా పెరుగుతుంది. పొద్దున గంట, సాయంత్రం గంట దానికి ఇవ్వగలిగినవాళ్లు ఇంట్లో ఒకరైనా ఉండాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వచ్చే ఇల్లయితే పప్పీని తెచ్చుకోవద్దనే చెబుతాను. లాబ్ మనుషుల మధ్య బతికే కుక్క. ఒంటరిగా వదిలేస్తే సోఫా చింపుతుంది, మొరుగుతుంది, బెంగ పెట్టుకుంటుంది. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మంచిదే, కానీ ముప్పై కిలోల కుక్క బెల్టు లాగితే డెబ్బై ఏళ్ల మనిషి పడిపోతారు. కాబట్టి తిప్పే పని వాళ్ల మీద పెట్టకండి.

ఖర్చు సంగతి కూడా ముందే తేల్చుకోండి. పిల్లను కొన్న డబ్బుతో అయిపోదు. తిండి, టీకాలు, గోమార్ల మందు నెలనెలా ఉంటాయి. ఊరెళితే దాన్ని ఉంచడానికి బోర్డింగ్ ఖర్చు వేరే.

ఎక్కడ తెచ్చుకోవాలి

ఫోన్‌లో ఫొటో చూసి, రోడ్డు మీద అట్టపెట్టెలో అందుకునే బేరం వద్దు. పిల్లను తల్లి దగ్గరే చూడండి. తల్లి ఉన్న చోటు శుభ్రంగా ఉందా, మనుషుల్ని చూసి బెదురుతోందా, నడుస్తున్నప్పుడు వెనక కాళ్లు ఊగుతున్నాయా గమనించండి. 2017లో వచ్చిన కుక్కల బ్రీడింగ్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. నలభై రోజుల పిల్లను "ఇప్పుడే తీసుకెళ్లండి, మీకు అలవాటవుతుంది" అని అంటగట్టేవాళ్లు చాలామంది. ఆ చివరి రెండు వారాల్లోనే పిల్ల తోబుట్టువులతో ఆడుతూ ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకుంటుంది.

"హెవీ బోన్", "డబుల్ బోన్" అని ఎక్కువ ధర చెబుతారు. అలాంటి జాతి ఏదీ లేదు. లావుపాటి కాళ్లు చూసి మురిసిపోకుండా, తల్లిదండ్రుల తుంటి కీళ్లకు ఎక్స్‌రే తీయించారా అని అడగండి. తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే పెద్ద జబ్బు. ఎక్స్‌రే చూపించే బ్రీడర్ దొరికితే పది వేలు ఎక్కువైనా ఆయన దగ్గరే తీసుకోండి. కుక్కల జాతినీ వంశాన్నీ నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు ఉన్నాయంటే పేర్లు, మైక్రోచిప్ నంబరు సరిపోల్చుకుని, యాజమాన్యం మీ పేరు మీదకు మార్పించుకోండి.

ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. ఫ్లాటు మారుతున్నామని, అమెరికా వెళ్తున్నామని పెద్ద లాబ్‌లను వదిలేసే కుటుంబాలు ఈ ఊళ్లో ఉన్నాయి. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థల్ని, జంతువుల్ని కాపాడే గ్రూపుల్ని అడిగితే మూడు నాలుగేళ్ల కుక్క దొరకవచ్చు. కొరికే వయసు దాటి ఉంటుంది, స్వభావం ముందే తెలుస్తుంది. మా రెండోది అలా వచ్చిందే.

పప్పీనే తెస్తుంటే ఏప్రిల్, మే నెలల్లో తేకండి. ఎండ తగ్గాక తెచ్చుకుంటే దానికీ మీకూ హాయి.

మొదటి నెల

ఇంటికి తెచ్చే ముందు నేల చూసుకోండి. మన ఇళ్లలో గ్రానైటో, మార్బులో, నున్నటి టైల్సో ఉంటాయి. వాటి మీద పిల్ల కాళ్లు నాలుగు వైపులా జారుతుంటే మనం నవ్వుకుంటాం, కానీ ఎదిగే తుంటి కీలుకు ఆ జారుడు మంచిది కాదు. అది తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లు, పాత యోగా మ్యాట్లు, గోనె పట్టాలు పరచండి. మెట్లు ఎక్కించి దింపకండి, ఎత్తుకోండి. సోఫా మీది నుంచి దూకనివ్వకండి. ఎముకలు గట్టిపడడానికి ఏడాదికి పైనే పడుతుంది.

టాయిలెట్ అలవాటుకు ఒకటే సూత్రం: నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆపగానే ఒకే చోటికి తీసుకెళ్లండి. బాల్కనీలో పేపరు పరిచిన మూల చాలు. అక్కడ పోస్తే వెంటనే మెచ్చుకుని చిన్న ముక్క ఇవ్వండి. హాల్లో పోస్తే తిట్టకండి, ముక్కు రుద్దకండి, తుడిచేయండి. లాబ్ తెలివైనది, రెండు మూడు వారాల్లో దారికొస్తుంది.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి. పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. మూడు నెలలు దాటాక రేబిస్ టీకా. నట్టల మందు కూడా డాక్టర్ చెప్పిన తేదీలకే తాగించండి. టీకాలన్నీ అయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట, పార్కు మట్టిలో పిల్లను కింద దించకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అలాగని నాలుగ్గోడల మధ్య బంధించకూడదు. ఎత్తుకుని వీధి చూపించండి. ఆటో చప్పుడు, ప్రెషర్ కుక్కర్ విజిల్, లిఫ్టు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, అన్నీ ఈ వయసులోనే అలవాటు కావాలి. వాంతులు, నెత్తురు విరేచనాలు కనబడితే "రేపు చూద్దాం" అనుకోవద్దు, ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

గిన్నె

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

లాబ్ ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది. మీ కంచం పక్కన కూర్చుని, మోకాలి మీద గడ్డం పెట్టి, ఏళ్ల తరబడి తిండి చూడనట్టు చూస్తుంది. ఆ చూపుకు ఒక కారణం ఉంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఈ జాతిలో ఒక జన్యులోపాన్ని గుర్తించారు. దాదాపు నాలుగింట ఒక లాబ్‌లో అది ఉంది. అది ఉన్న కుక్కకు తిండి మీద యావ ఎక్కువ. ఆ కుక్కలు ఊరికే ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి కూడా దాదాపు పావు వంతు తక్కువని 2024లో తేల్చారు. అంటే కొన్ని లాబ్‌లు ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ అనే శరీరంతోనే పుడతాయి. అది మారాం చేస్తోందనో, మీరు సరిగ్గా పెట్టడం లేదనో అనుకోకండి.

తక్కువ పెడితే ఏమవుతుందో కూడా కొలిచి చూశారు. అమెరికాలో 48 లాబ్రడార్‌లను జతలుగా పెంచారు. ఒకదానికి పెట్టినదానికంటే రెండోదానికి పావు వంతు తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి సగటున 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. ఇది చదివిన రాత్రి మా మొదటి కుక్క గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో చిక్కు అత్తమ్మ చేతి రొట్టె. "ఒక్క రొట్టె పెడితే ఏమైతది బిడ్డా, పాపం ఎట్ల చూస్తున్నదో" అనేది. ఆమెది తప్పనలేం. తిండి పెట్టడమే ప్రేమగా పెరిగిన మనిషి. కానీ ముప్పై కిలోల కుక్కకు రోజంతటికీ కావాల్సింది సుమారు 1,300 కేలరీలు. మూడు చపాతీలు తింటే అందులో అయిదో వంతు అయిపోయినట్టే. ఆ మూడూ దాని మామూలు తిండికి పైన పడుతుంటే బరువు పెరగక ఏమవుతుంది?

మేం చేసిన పని ఇది. రోజుకు ఎంత పెట్టాలో డాక్టర్‌ను అడిగి, పొద్దున్నే తూకం వేసి ఒక స్టీలు డబ్బాలో పోస్తాం. ఆ డబ్బా అత్తమ్మ దగ్గరే ఉంటుంది. ఎవరు ఏం పెట్టాలన్నా అందులోంచే తీయాలి. పిల్లలు ట్రైనింగ్‌కు ఇచ్చే ముక్కలూ అందులోవే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. రొట్టె పెట్టాలనిపిస్తే అంత మేర డబ్బాలోంచి తగ్గించాలి. ఇప్పుడు అందరికంటే లెక్క గట్టిగా ఉన్నది అత్తమ్మే, నేను ఒక బిస్కెట్ విరిచినా ఒప్పుకోదు. రెడీమేడ్ తిండి పెడితే పెద్ద లాబ్‌కు రోజుకు 300 గ్రాముల దరిదాపు అవుతుంది, ప్యాకెట్ మీది పట్టిక చూసి మొదలుపెట్టి ఒంటిని బట్టి సవరించుకోండి. ఇంట్లో వండితే ఉప్పు కారం లేని అన్నం, బొక్కలు తీసేసిన చికెన్, గుడ్డు, గుమ్మడి, క్యారెట్, కొంచెం పెరుగు పెట్టవచ్చు. ఎదిగే పిల్లకు మాత్రం కాల్షియం లెక్క తప్పితే ఎముకలు పాడవుతాయి, ఇంటి వంట ఒక్కదాని మీదే ఆధారపడకండి. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచడం అస్సలు వద్దు, అందులో మాంసకృత్తులు చాలవు.

బరువు సరిగ్గా ఉందో లేదో మీ చేతి మీదే తెలుసుకోవచ్చు. అరచేయి కింద పెట్టి, వేళ్లు చాచి, చేతి వెనక వైపు తడమండి. పల్చటి చర్మం కింద ఎముకలు తగులుతాయి కదా, కుక్క పక్కటెముకలు అలాగే తగలాలి. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కచిక్కింది. చెయ్యి తిప్పి అరచేతిని తడిమినట్టు మెత్తగా ఉంటే లావైంది. పై నుంచి చూస్తే నడుము లోపలికి వంపు తిరగాలి. నెలకోసారి చూడండి. "లాబ్ అంటే లావుగానే ఉండాలి" అని చుట్టాలు అంటారు, వదిలేయండి.

ఇంట్లో పెట్టకూడనివి, అందకుండా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బిర్యానీ అన్నింటికంటే పెద్ద ప్రమాదం. అందులో వేయించిన ఉల్లిపాయ ఉంటుంది, కుక్క నెత్తుట్లోని ఎర్రకణాలను అది దెబ్బతీస్తుంది. ఉడికిన కోడి బొక్కలు సూదుల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. కిస్మిస్ ఉంటే మూత్రపిండాలకు ముప్పు. విందు అయ్యాక విస్తర్లు, డబ్బాలు మూత ఉన్న బుట్టలో వేసి తలుపేయండి. ఎండాకాలంలో మామిడి టెంక, వానాకాలంలో గింజలు తినేసిన మొక్కజొన్న కంకి కూడా అంతే ప్రమాదం. రెండూ లాబ్ గుటుక్కున మింగేస్తుంది, రెండూ పేగులో ఇరుక్కుంటాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. చాక్లెట్, ద్రాక్ష, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ కూడా విషమే. ఒళ్లు నొప్పులకు మనం వేసుకునే మాత్రలు కుక్కకు వేయకండి.

ఎండ

లాబ్రడార్‌ల పూర్వీకులు ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలరుల వెంట ఉండేవి. గడ్డకట్టే నీళ్లలో దూకి, వలలోంచి జారిన చేపల్ని తెచ్చిచ్చేవి. ఆ చలిని తట్టుకోవడానికి వాటి ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంది. పైది నీళ్లు అంటనివ్వదు, లోపలిది వెచ్చగా ఉంచుతుంది. అలాంటి కుక్కను నలభై డిగ్రీలు దాటే హైదరాబాద్ మే నెలలోకి తెచ్చుకున్నాం. చెమటతో ఒళ్లు చల్లబరుచుకోవడం దానికి రాదు, రొప్పడమే దానికి ఉన్న దారి.

మార్చి మధ్య నుంచి జూన్‌లో వానలు పడేదాకా వాకింగ్ వేళలు మార్చుకోండి. పొద్దున అయిదున్నరకు బయల్దేరి ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. సాయంత్రం ఆరింటికి గాలి చల్లబడినా రోడ్డు చల్లబడదు. చేతి వెనక భాగం తారు రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే అది నడవలేదు. మేం ఎనిమిదిన్నర తర్వాతే దింపుతాం.

బొచ్చు గొరిగించకండి. మనకు చల్లగా అనిపిస్తుంది గానీ ఆ పై పొరే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది, గొరిగితే తిరిగి సరిగ్గా రాకపోవచ్చు కూడా. దానికి బదులు రోజూ దువ్వండి, ఊడిన లోపలి బొచ్చు బయటికి వస్తే గాలి ఆడుతుంది. నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. కూలర్ ముందు తడి గోనె పట్టా వేస్తే మధ్యాహ్నమంతా దాని మీదే ఉంటుంది. టెర్రస్ మీద, రేకుల షెడ్డులో కట్టేయడం, ఆపిన కారులో అయిదు నిమిషాలు వదలడం, ఈ రెండూ ప్రాణం తీసే పనులు.

వడదెబ్బ తగిలితే ఇలా తెలుస్తుంది: రొప్పు ఆగదు, చిగుళ్లు ఎర్రబడతాయి, జిగట చొంగ కారుతుంది, నడక తూలుతుంది, వాంతి చేసుకుంటుంది. అప్పుడు మొదట చల్లబరచండి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు ధారగా పోస్తూ ఫ్యాన్ వేయండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది, కప్పొద్దు. తెలివి తప్పుతుంటే నోట్లో నీళ్లు పోయకండి. కారులో ఏసీ వేసి తీసుకెళ్లండి. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్, 40 దాటితే ప్రమాదంలో పడినట్టే. తేరుకుందని ఇంట్లోనే ఉంచేయకండి, లోపలి అవయవాల దెబ్బ మర్నాడు బయటపడవచ్చు.

రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి మీ ఇంటికి దగ్గరలో ఏదో ఇప్పుడే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద రాసిపెట్టండి. ప్రభుత్వ వైద్యం కావాలంటే నారాయణగూడ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. వాటి వేళలు ముందే అడిగి పెట్టుకోండి.

వానాకాలం, గోమార్లు, చెవులు

వానలు మొదలవగానే గోమార్లు వస్తాయి, కొన్ని ఇళ్లలో ఏడాది పొడుగునా ఉంటాయి. అవి నెత్తురు తాగడమే కాదు, టిక్ ఫీవర్ అంటిస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చిగుళ్లు పాలిపోతాయి, ముక్కు నుంచి నెత్తురు కారవచ్చు. రోజూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ బెల్టు కింద చూడండి. నెలనెలా మందు మానకండి. పశువులకు కొట్టే మందు చవకని తెచ్చి అంచనాగా పూయకండి, మోతాదు తప్పితే కుక్కకే విషం.

ఇంకో గుర్తు చెబుతాను. ఏ కుక్కయినా ఒక పూట తినకపోవచ్చు. లాబ్ గిన్నె వదిలేసి పక్కకు వెళ్లిందంటే ఒంట్లో ఏదో ఉన్నట్టే. ఒంటి వేడి చూడండి, రక్తపరీక్ష చేయించండి. మా ఇంట్లో టిక్ ఫీవర్ అలాగే దొరికింది, మరే లక్షణమూ బయటపడకముందే.

వాలిపోయిన చెవుల్లో గాలి ఆడదు. స్నానం తర్వాత, వానలో తడిసిన తర్వాత మెత్తటి గుడ్డతో పొడిగా తుడవండి. వాసన వచ్చినా, తల ఊపుతూ గోక్కున్నా డాక్టర్‌కు చూపించండి. స్నానం నెలకో రెండు నెలలకో ఒకసారి చాలు.

నేర్పడం

ఈ జాతి పూర్తి పేరు లాబ్రడార్ రిట్రీవర్. రిట్రీవర్ అంటే తెచ్చి ఇచ్చేది. నోటితో పట్టుకోవడం దాని పుట్టుక. సాక్సో, రిమోటో పట్టుకుపోతే వెంటపడకండి, వెంటపడితే ఆటనుకుని మింగేస్తుంది కూడా. డబ్బాలోంచి ఒక ముక్క చూపించి "ఇవ్వు" అనండి, ఇచ్చాక మెచ్చుకోండి. నెల తిరిగేసరికి చెప్పు మీ చేతికే తెచ్చిస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారతాయి, అప్పుడు చేతులు కొరుకుతుంది. ముడివేసి తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన పాత గుడ్డ నమలనివ్వండి, మీ కళ్ల ముందే.

లిఫ్టు ముందు కూర్చోవడం, పిలిస్తే రావడం, బెల్టు లాగకుండా నడవడం, ఈ మూడూ వస్తే అపార్ట్‌మెంట్ జీవితం సాఫీగా సాగుతుంది. కట్టు లేకుండా పరుగెత్తే చోటు కావాలంటే కొండాపూర్ డాగ్ పార్కుకు తీసుకెళ్లవచ్చు. పిల్లలు దాని మీద పడుకుంటే ముద్దుగానే ఉంటుంది. అయినా అది తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ ముట్టుకోకూడదని పిల్లలకు నేర్పండి. అయిదేళ్ల లోపు పిల్లల్ని దానితో ఒంటరిగా వదలకండి. దీపావళి రాత్రి కిటికీలు మూసి, టీవీ పెట్టి, పక్కన కూర్చోండి.

అసోసియేషన్, లైసెన్స్

రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో కార్పొరేషన్‌లో పెంపుడు కుక్క లైసెన్స్ తీసుకోండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మొదట అడిగేది అదే. కుక్కల్ని పెంచొద్దని, లిఫ్టు వాడొద్దని అపార్ట్‌మెంట్ సంఘం తీర్మానం చేయడం చెల్లదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 నాటి మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కానీ దాన్ని చూపించాల్సిన అవసరం రానివ్వకండి. అది ఎక్కడ దొడ్డికి పోయినా కవరుతో ఎత్తండి, లిఫ్టులో భయపడేవాళ్లు ఉంటే మీరు తర్వాతి లిఫ్టు ఎక్కండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడన్నది డాక్టర్‌తో మాట్లాడండి. లాబ్‌లకు ఆరు నెలల్లోపే చేయిస్తే కీళ్ల జబ్బులు పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది.

ఏడెనిమిదేళ్లు దాటాక ఏడాదికి రెండుసార్లు రక్తపరీక్ష చేయించండి, వాకింగ్ దూరం తగ్గించి రోజుకు మూడు విడతలు చేయండి, డబ్బాలో ఒక పిడికెడు తగ్గించండి. లేచేటప్పుడు వెనక కాళ్లు జారడం మొదలైతే, పప్పీ రోజుల్లో పరిచిన రబ్బరు మ్యాట్లు అటక మీది నుంచి దించి, నీళ్ల గిన్నె నుంచి అది పడుకునే చోటి దాకా మళ్లీ పరవండి.